పడమటి నడవాలో ఇరవయ్యో రోజు

తోప్లిక్ ఊరి పాత వేన్నీళ్ళ స్నానశాలలో పడమటి నడవా గురించి మంచి మాట చెప్పినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

పొద్దుగూకాక అందులో ఎవరో నడుస్తారట. చెప్పుల్లేని కాళ్ళు... తడి కాళ్ళు. తెల్లారి చూస్తే రాతి గచ్చు మీద అడుగుల గుర్తులు ఉంటాయట. లోపలి ఊట దగ్గర మొదలై, నడవా పొడవునా వచ్చి, చివర బాయిలర్ గది తలుపు దగ్గర ఆగిపోతాయట. ఆ తలుపుకి చూస్తే ఎప్పుడూ తాళమే.

ముప్పై ఏళ్ళు మూతపడిన భవనం మరి. మనుషులు ఖాళీ చేసిన చోట పుకార్లు కాపురం పెడతాయి.

మరమ్మతులకు వచ్చిన మేస్త్రీలు మొదట్లో నవ్వారు. ఒకరోజు చీకటి పడేవేళ గోడకు సున్నం పూస్తున్న ఒకడు తన వెనకాల తడి కాళ్ళ చప్పుడు విన్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు... తాపీ, బకెట్టు అక్కడే పారేసి వచ్చేశాడు. బకెట్లో సున్నం మర్నాటికి రాయైపోయింది. ఆ రాయి ఇంకా స్నానశాల పెరట్లో ఉంది, నేను చూశాను. ఆ తర్వాత సాయంత్రం ఐదు కొడితే ఆ వైపు పురుగు కూడా ఉండేది కాదు.

ఇప్పుడు చెప్పబోయేది ల్యూబెన్‌కి జరిగింది. ఆ రాత్రి నేను అక్కడ లేను. ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరి నోటా విడివిడిగా విన్నాను, ఇద్దరూ ఒకే మాట చెప్పారు కాబట్టి నమ్మాను.

ల్యూబెన్ రాజధాని సోఫియా నుంచి వచ్చాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. పెద్ద భవనాల్లో జనం దారి తప్పకుండా బోర్డులు, బాణం గుర్తులు తయారుచేయడం అతని పని. ఆసుపత్రులు, రైల్వే స్టేషన్లు, మ్యూజియంలు — ఎక్కడ నిలబడితే మనిషికి అనుమానం వస్తుందో, సరిగ్గా అక్కడ ఒక బాణం పెట్టడమే తన విద్య అనేవాడు.

ఈ స్నానశాల అతనికి గట్టి పరీక్షే పెట్టింది. మధ్యలో గుమ్మటం, తూర్పున మగవాళ్ళ వైపు, పడమట ఆడవాళ్ళ వైపు. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే. అవే తలుపులు, అవే కొళాయిలు, అదే మలుపు. లోపలికి వెళ్ళి రెండుసార్లు తిరిగితే ఏ వైపున్నామో బ్రహ్మకి కూడా తెలియదు. ఇప్పుడు దాన్ని గ్రంథాలయం చేస్తున్నారు. తెరిచే లోపు అగ్నిమాపక తనిఖీవాళ్ళు వస్తారు, బోర్డులు సరిగ్గా లేకపోతే తలుపులు తెరవనివ్వరు.

అసలు బోర్డులు పెట్టే ముందు కాగితాలతో సరిచూసుకోవడం వాళ్ళ పద్ధతి. మొదటి రోజే ల్యూబెన్ ప్రతి తలుపు మీదా ఒక కాగితం అంటించాడు. చుట్టూ దళసరి నల్ల గీత, పైన బాణం, కింద తన ఫొటో, పెద్ద అక్షరాల్లో తన పేరు. ఇవన్నీ సోఫియాలో అచ్చేయించి తెచ్చాడు. అడుగున మాత్రం మార్కర్ పెన్నుతో చేత్తో రాశాడు: దారి తప్పితే ఈ మనిషికి ఫోన్ చేయండి. కింద నంబరు.

పన్నెండు తలుపుల మీద అంటించాడు. దాదాపు మూడు వారాలు గడిచాయి. ఒక్క ఫోనూ రాలేదు.

రంగులవాళ్ళు చాలా కాగితాలు చింపేశారు, అది వేరే సంగతి. కానీ ల్యూబెన్‌కి ఆ మౌనం మామూలుగా అనిపించలేదు. ఎందుకంటే అతనికి అలాంటి మౌనంతో అంతకుముందే పరిచయం ఉంది.

ఆ ఏడు మార్చిలో, ఒక శుక్రవారం సాయంత్రం, తన ఫ్లాట్‌లో వంటింటి గచ్చు మీద గుండె పట్టుకుని పడిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. గోడ అవతల పక్కింటివాళ్ళు నవ్వుకోవడం వినపడుతూనే ఉంది... ఒక్కరూ తలుపు కొట్టలేదు. చివరికి తనే పాక్కుంటూ వెళ్ళి ఫోన్ అందుకున్నాడు. భార్య ఎప్పుడో విడిపోయి వర్నాలో ఇంకొకరిని చేసుకుంది. పిల్లల్లేరు. ఆసుపత్రిలో రక్తనాళంలో స్టెంటు పెట్టి పంపించారు. చావంటే భయం లేదు అతనికి. చచ్చిపోయినట్టు ఎవరికీ తెలియకపోవడమంటేనే భయం.

తోప్లిక్‌లో సాయంత్రాలు అతనికి పనేమీ ఉండేది కాదు. కాఫీ హోటల్లో టీవీ చూస్తూనే ఒకావిడ చిక్కుడు గింజల చారు తెచ్చి ముందు పెట్టేది. అడిగేది కాదు, మొహం చూసేది కాదు. తిన్నాక వీధుల్లో నడిచేవాడు. ఇక్కడ ఎవరైనా పోతే స్తంభాల మీదా, గేట్ల మీదా, బస్టాపు మీదా చావు కాగితాలు అంటిస్తారు — ఫొటో, పేరు, పోయాక మూడో రోజు, తొమ్మిదో రోజు, ఇరవయ్యో రోజు, నలభయ్యో రోజు... అవి చదువుకుంటూ వెళ్ళేవాడు. ప్రతి కాగితం అడుగునా ఒక మాట ఉంటుంది: దుఃఖంతో, కుటుంబసభ్యులు.

నా కాగితం ఎవరంటిస్తారు... అనుకునేవాడు.

ఆ వారం శుక్రవారం రాత్రి కరెంటు తీసేసి చూడాలి. చీకట్లో వాటంతట అవే వెలిగే బాణాలు కొన్ని పెట్టారు, నిప్పంటుకుంటే జనం వాటిని పట్టుకునే బయటపడాలి. అవి సరిగ్గా కనపడుతున్నాయో లేదో పట్టపగలు తేలదు.

గేటు దగ్గర గుడిసెలో వాచ్‌మన్ మెతోది రేడియో వింటున్నాడు. డెబ్భై దాటిన మనిషి. తనలో తను మాట్లాడుకుంటాడు, కుక్కతో మాట్లాడతాడు, ఒక్కోసారి గోడతో కూడా.

"మెయిన్ ఆపేయనా, మెతోదన్నా?" అన్నాడు ల్యూబెన్.

"ఆపుకో సారూ. నేను మాత్రం లోపలికి రాను."

"పిలిచానా?"

"ముందే చెబుతున్నా. పడమటి వైపు వెళ్ళకు. తూర్పు చూసుకుని వచ్చెయ్. రెండూ ఒకటేగా, ఒకటి చూస్తే రెండూ చూసినట్టే."

"నువ్వు తనిఖీవాళ్ళలో ఉండాల్సింది," అన్నాడు ల్యూబెన్.

"నవ్వు, నవ్వు. నవ్విన సున్నం మేస్త్రి మళ్ళీ ఈ ఊరి మొహం చూళ్ళేదు." మెతోది కాస్త రకియా సారా గ్లాసులో పోసి అతని ముందుకి జరిపాడు. "తాగి వెళ్ళు. గుండెకి మంచిది."

"నా గుండెకి కాదు," అని ల్యూబెన్ లోపలికి వెళ్ళాడు.

మెయిన్ కిందికి లాగాడు.

చీకటి. ఆ తర్వాత... మెల్లగా, ఒక్కటొక్కటిగా, ఆకుపచ్చ బాణాలు కళ్ళు తెరిచాయి.

తూర్పు వైపు సవ్యంగానే ఉంది. టార్చి వేయకుండా బాణాలనే పట్టుకుని వెళ్ళి వచ్చాడు. పదకొండు మలుపులు, ఒక్కచోటా తడబడలేదు. మనసులో చిన్న గర్వం కూడా కలిగింది, చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

గుమ్మటం కింద నిలబడ్డాడు. ఎదురుగా పడమటి నడవా.

చీమ చిటుక్కుమన్నా వినపడే నిశ్శబ్దం. నేల అడుగున వేడి ఊట ఎక్కడో బుడబుడలాడుతోంది... అంతే.

మొదటి మలుపు. రెండో మలుపు. మూడో మలుపు దగ్గర కాలు జారింది.

కిందికి చూశాడు. బాణం వెలుగులో రాయి మెరుస్తోంది. తడి. అయిదు వేళ్ళు, మడమ... చిన్న పాదం. దాని ముందు ఇంకోటి. దాని ముందు ఇంకోటి.

అప్పుడే పడిన అడుగులు.

"ఎవరది?" అన్నాడు.

వెనక్కి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోవాల్సిందే. కానీ బాణాలన్నీ ముందుకే చూపిస్తున్నాయి — అతను పెట్టినవే. ఆ దారినే బయటికి వెళ్ళమని వందలమందికి చెప్పబోయేవాడు తనే భయపడి వెనక్కి తిరిగితే ఎలా? అడుగుల పక్కనే అడుగులు వేసుకుంటూ నడిచాడు.

ఏదో వాసన. మైనం... తేనెమైనం కాలుతున్న వాసన.

చివరి మలుపు తిరిగాడు.

బాయిలర్ గది తలుపు ముందు, నేల మీద, సీసాలో ఒక కొవ్వొత్తి వెలుగుతోంది. పక్కన పళ్ళెంలో ఉడికించిన గోధుమలు, వాటి మీద పంచదార పొడి. చిన్న గ్లాసులో ఎర్ర ద్రాక్షసారా. చనిపోయినవాళ్ళకి పెట్టేవన్నీ ఉన్నాయి.

తలెత్తాడు. తలుపు మీద చావు కాగితం. నల్ల గీత మధ్యన ఒక మొహం.

అతని మొహమే.

కింద పేరు, పెద్ద అక్షరాల్లో: ల్యూబెన్ స్తమతోవ్. పేరు కింద ఇంకేమీ లేదు. దుఃఖంతో ఫలానావాళ్ళు అన్న మాట కూడా లేదు.

గుండె గుభేలుమంది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. గోడకి ఆనుకున్నాడు.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన... దొంగలా వచ్చింది. మార్చిలో ఆ వంటింటి గచ్చు మీద నుంచి తను అసలు లేచాడా?

ఫోన్ అందుకున్నానని గుర్తు. ఆసుపత్రి గుర్తు. కానీ ఆ తర్వాత? ఇన్ని రోజుల్లో ఒక్క ఫోన్ రాలేదు. బస్సులో పక్క సీట్లో ఒక్కరూ కూర్చోలేదు. హోటలావిడ ఒక్కసారీ మొహం చూడలేదు. మెతోది మాట్లాడాడే... మెతోది గోడలతో కూడా మాట్లాడతాడు.

అన్నీ ఒకదానికొకటి సరిపోయాయి. అతని బతుకంతా కలిపి చూస్తే, బతికున్నాడనడానికి ఒక్క సాక్ష్యం దొరకలేదు. అంతకంటే దిక్కుమాలిన క్షణం ఇంకోటి ఉండదని నాతో చెప్పేటప్పుడు అతని కళ్ళు చెమర్చాయి.

అప్పుడు చీకట్లోంచి గుసగుస...

"దేవుడు మన్నించాలి ల్యూబెన్‌ని. దేవుడు మన్నించాలి..."

తలుపు పక్కన మెట్టు మీద ముసలామె ఒకతె కూర్చుని ఉంది. నల్ల తలగుడ్డ. ఒళ్ళో నీళ్ళ కూజా. చెప్పుల్లేని పాదాలు తడిగా ఉన్నాయి. ఆమె తలెత్తి అతన్ని చూసింది, మెల్లగా శిలువ గుర్తు వేసుకుంది. భయపడలేదు.

"వచ్చావా నాయనా," అంది. "రా. నీకోసమే పెట్టాను."

ల్యూబెన్ చివరికి అడిగింది ఒకటే.

"అవ్వా... నేను పోయి ఎన్నాళ్ళయింది?"

"ఇవాళ్టికి ఇరవై," అంది ముసలామె. "నీ కాగితం చూసిన రోజు నుంచి లెక్కపెడుతున్నా. మూడో రోజు చూశాను, ఎవరూ రాలేదు. తొమ్మిదో రోజు చూశాను... ఒక కొవ్వొత్తి లేదు, ఒక పువ్వు లేదు. ఇంత మంచి అక్షరాలు అచ్చేయించారు, నా కళ్ళకి కూడా ఆనాయి. మనుషులెక్కడికి పోయారు అనుకున్నా. నీకెవరూ లేరా?"

"లేరవ్వా."

"ఎవరో ఒకరు ఉంటారే."

అతను తల అడ్డంగా ఊపాడు.

"సరేలే. నేనున్నాగా," అంది ఆమె. "కూర్చో. తిను. పొద్దున వండినవి, చల్లారిపోయాయి."

కూర్చున్నాడు. చెప్పిన మాట వినడం తప్ప ఏం చేయాలో తెలియలేదు. చెంచాతో గోధుమలు తీసి నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగా ఉన్నాయి. తన కోసం ఎవరో వండి ఎన్నేళ్ళయిందో లెక్క వేయబోయాడు, పంచదార పొడి అడ్డం తిరిగింది — పొలమారింది.

నేను పుట్టిన చోట పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. ల్యూబెన్‌ని తలుచుకునే మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది.

దగ్గాడు. దగ్గుతూనే ఉన్నాడు. ముసలామె మొదట జాలిగా చూసింది... తర్వాత అనుమానంగా చూసింది. చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది. వేడిగా ఉంది. నాడి గబగబా కొట్టుకుంటోంది.

వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

"బతికే ఉన్నావురా, సచ్చినోడా," అంది.

ఆ దెబ్బ పొలమారినందుకా, బతికున్నందుకా అని ల్యూబెన్ ఇప్పటికీ అడుగుతుంటాడు.

ఆమె పేరు త్సోనా. ఎనభై మూడేళ్ళు. స్నానశాల నడిచిన రోజుల్లో ఆడవాళ్ళ వైపు సబ్బూ తువ్వాలూ ఇచ్చే మనిషి. మోకాళ్ళ నొప్పులకి ఆ ఊట నీళ్ళే మందు. మరమ్మతులని, ఊట నీళ్ళొచ్చే వీధి కొళాయికి కంచె వేసేశారు, అడిగితే లోపలికి రానివ్వలేదు. బాయిలర్ గది తాళంచెవి పాత రోజులది ఆమె దగ్గరే ఉంది. రాత్రిపూట ఆ గదిలోంచే వచ్చి, కూజా నింపుకుని ఆ గదిలోంచే పోతుంది. తడి రాయి మీద చెప్పులు జారతాయని విప్పేసి నడుస్తుంది, తలుపు దగ్గరికొచ్చి తొడుక్కుంటుంది.

"అంతకుముందు కూడా వచ్చేదానివా? మూసేసిన ముప్పై ఏళ్ళూ?"

"ఎక్కడికి పోతాను? చీకట్లో కూడా నాకిక్కడ దారి తెలుసు. నీ బాణాలు నాకెందుకు?"

ల్యూబెన్ లేచి కాగితాన్ని వేలితో తడిమాడు, మొదటి రోజు తను అంటించిందే. ఆవిరికి మెత్తబడి ఉంది. అచ్చేసినవన్నీ నిలిచాయి. చేత్తో రాసిన వరస, నంబరూ కరిగి ఆనవాలు లేకుండా పోయాయి. ఈ తలుపు పని మొదటి రోజే అయిపోయిందని మళ్ళీ ఇటు రాలేదు తను.

"కానీ బాణం ఉంది కదా అవ్వా. చావు కాగితం మీద బాణం ఉంటుందా ఎక్కడైనా?"

"పైకి చూపిస్తోందిగా. పైకి పోయావనుకున్నా."

"పైకంటే తిన్నగా వెళ్ళమని. మా పనిలో అందరికీ తెలుసు."

"మీ పనిలో తెలిస్తే సరిపోతుందా? దారి తప్పేది మేము కదా."

ల్యూబెన్ నవ్వాడు. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు, ఆగలేదు. త్సోనా అవ్వ నవ్వలేదు. కొవ్వొత్తి వైపు చూస్తూ కూర్చుంది.

"ఇరవై రోజులు," అంది మెల్లగా. "పొద్దున లేవగానే నీకోసం దండం పెట్టుకున్నాను. మా ఆయన సమాధి కొండ మీది ఊళ్ళో ఉంది, నా కాళ్ళు అంతదూరం రావు. ఆయనకి వెలిగించి ఆరేళ్ళయింది. ఎవరో ఒకరికి వెలిగించాలి కదా నాయనా... నువ్వు దొరికావు."

ల్యూబెన్ మళ్ళీ ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె బాధ అతనికి తెలిసిందే. అందుకే ఓదార్చబోలేదు.

"మా వీధి ముసలాళ్ళందరికీ చెప్పాను," అందామె. "అయిదుగురూ నీకోసం ఏడ్చారు. పాపం మంచివాడు, ఎవరికీ అపకారం చేసి ఎరగడు అని చెప్పాను."

"నేను మంచివాణ్ణని నీకెలా తెలుసు?"

"చచ్చినవాడి కళ్ళు చారెడు కదా. ఏదో ఒకటి చెప్పాలి." తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది. "నలభయ్యో రోజున మా ఇంట్లో భోజనాలు పెట్టుకున్నాం. ఒకతె మిరపకాయల కూర చేస్తానంది, ఇంకొకతె రొట్టెలు. ఇప్పుడు వాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"చెప్పకు," అన్నాడు ల్యూబెన్.

ఆమె అతని వైపు చూసింది.

"భోజనాలు మాత్రం ఆపకు అవ్వా. నేను వస్తాను."

తెల్లారగట్ల మెతోది గుడిసెలోంచి తొంగిచూస్తే, పడమటి వైపు నుంచి ఇద్దరు వస్తున్నారు. ముందు నల్ల తలగుడ్డ, వెనకాల కూజా పట్టుకుని ల్యూబెన్. మెతోదికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ తర్వాత వారం రోజులు అతను రేడియో పెట్టుకోలేదట. ముప్పై ఏళ్ళ దెయ్యం రోజూ తన ముందు నుంచే పోతుంటే కునుకు తీశానని చెప్పుకోవడానికి అతనికి సిగ్గు.

తనిఖీ సవ్యంగా జరిగింది. పైకి చూపించే బాణాల పక్కన "తిన్నగా" అన్న మాట కొత్తగా చేర్పించాడు ల్యూబెన్. బాయిలర్ గది తలుపు మీద, కాస్త కిందగా, వంగి నడిచేవాళ్ళ కంటికి అందేలా ఇంకో చిన్న బోర్డు పెట్టాడు — ఊట నీళ్ళు, ఊరివాళ్ళకి. ఇదెవరు పెట్టమన్నారని అడిగితే, ఈ భవనంలో దారి తెలిసిన ఒకే ఒక్క మనిషి అన్నాడట. సోఫియాకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి తర్వాత ఇరవై రోజులకి, డిసెంబరు చలిలో, తోప్లిక్ బస్టాండులో మళ్ళీ దిగాడు.

చేతులూపుకుంటూ ఎలా వెళ్ళడమని బస్టాండు పక్కన పూలకొట్లోకి వెళ్ళాడు. కార్నేషన్లు కావాలన్నాడు. కొట్టావిడ కత్తెర అందుకుని, అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగింది.

"పోయినవాళ్ళకా, బతికున్నవాళ్ళకా? పోయినవాళ్ళకైతే సరి సంఖ్య కడతాను, బతికున్నవాళ్ళకైతే బేసి."

"ఆరుగురు ముసలాళ్ళు," అన్నాడు ల్యూబెన్. "నలభయ్యో రోజు భోజనం."

"అయితే సరి సంఖ్యే. ఆరు కట్టనా?"

"వద్దు," అన్నాడతను. "పోయినవాణ్ణి నేనే. పువ్వులు బతికున్నవాళ్ళకి. ఏడు కట్టండి."